డ్రాగ్ రేసు ఇంజన్: క్రాంక్‌షాఫ్టు, బేరింగుల ఎంపిక

నిలిచి ఉన్న బండి పచ్చదీపం వెలగగానే దూసుకెళ్ళి, తిన్నటి దారిలో పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎంత తక్కువ సమయంలో దాటుతుందో తేల్చే పోటీ డ్రాగ్ రేసు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, వాడకం తప్పిన రన్‌వేల మీద ఇది ఊపందుకుంది. వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను (ఎన్‌హెచ్‌ఆర్‌ఏ) స్థాపించి దీన్ని ఒక పద్ధతిలోకి తెచ్చాడు. ఈ పోటీలో ఇంజన్ పూర్తి బలంతో తిరిగేది కొన్ని సెకన్లే అయినా, ఆ కాస్త సేపట్లోనే ప్రతి భాగమూ తన హద్దు దాకా వెళ్తుంది. సిలిండర్లలో పుట్టిన ఒత్తిడి అంతా చక్రాలకు చేరాలంటే క్రాంక్‌షాఫ్టు మీదుగానే వెళ్ళాలి. ఆ క్రాంకును మోసేవి రెండు మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూ మందం ఉండే బేరింగు షెల్లులు.

క్రాంకులో బ్లాకు మీద కూర్చునే గుండ్రటి భాగాలు మెయిన్ జర్నళ్ళు. కనెక్టింగ్ రాడ్లు పట్టుకునేవి రాడ్ జర్నళ్ళు. రెంటినీ కలిపే అడ్డ భాగాన్ని వెబ్బు అంటారు. వెబ్బుకు రెండో వైపు వేలాడే బరువులు కౌంటర్‌వెయిట్లు. ప్రతి జర్నల్ చుట్టూ రెండు అర్ధచంద్రాకారపు షెల్లులు ఉంటాయి. జర్నల్‌కూ షెల్లుకూ మధ్య ఉండే సందులో (క్లియరెన్సు) ఆయిల్ పొర ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ బరువు మోసేది ఆ పొరే. లోహం లోహాన్ని తాకకూడదు.

చాలామంది ముందుగా డబ్బుకు దొరికిన గట్టి క్రాంకు కొని, దానికి సరిపోయే షెల్లులు తర్వాత వెతుక్కుంటారు. ఇది తలకిందుల వరస. ఎంత గట్టి ఉక్కుతో చేసిన క్రాంకైనా తిరిగేటప్పుడు వంగుతుంది, మెలి తిరుగుతుంది. ఆ వంపును తట్టుకునేంత ఆయిల్ పొర, ఆ పొరకు తగిన షెల్లు, షెల్లును గుండ్రంగా పట్టుకునే బ్లాకు, ఈ మూడూ కుదరకపోతే ఖరీదైన క్రాంకు కూడా మొదటి సీజన్ దాటదు. కాబట్టి క్రాంకునూ బేరింగునూ ఒకే భాగంగా చూసి ఎంచుకోవాలి. దీనికి అన్నిటికంటే ఎక్కువగా పరీక్షకు నిలిచిన ఉదాహరణ షెవర్లే స్మాల్ బ్లాక్ వి8.

స్ట్రోకు, తిరుగుడు వేగం

ఈ ఇంజన్ 1955లో 265 ఘనపుటంగుళాల సైజులో వచ్చింది. 1967లో వచ్చిన 350కి బోరు (సిలిండరు వ్యాసం) 4 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 3.48 అంగుళాలు. 1970లో వచ్చిన 400కి స్ట్రోకు 3.75 అంగుళాలు. 400 క్రాంకు మెయిన్ జర్నళ్ళను 2.65 నుంచి 2.45 అంగుళాలకు గ్రైండ్ చేసి 350 బ్లాకులో కూర్చోబెట్టి, బోరును 30 థౌ పెంచితే 383 ఘనపుటంగుళాలు వస్తుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మిల్లీమీటరు. అమెరికాలో వారాంతపు డ్రాగ్ రేసర్లు కట్టుకునే ఇంజన్లలో ఈ 383 కంటే పరిచితమైనది దాదాపు లేదు. ఇప్పుడైతే ఆ కొలతకే నేరుగా చేసిన క్రాంకులు దొరుకుతున్నాయి. పాత క్రాంకు గ్రైండ్ చేయించాల్సిన పని లేదు.

స్ట్రోకు పెంచితే టార్కు పెరుగుతుంది. దాంతోపాటు పిస్టన్ వేగమూ పెరుగుతుంది. 3.75 అంగుళాల స్ట్రోకుతో 8,000 ఆర్‌పిఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 25.4 మీటర్లు. అసలు భారం అయితే ఈ సగటు వేగంలో కనపడదు. పిస్టన్ పై చివరకు చేరి ఆగి వెనక్కి తిరిగే క్షణంలో, 6 అంగుళాల రాడ్డు ఉంటే, దాని త్వరణం గురుత్వానికి సుమారు 4,500 రెట్లు ఉంటుంది. పిస్టన్, పిన్ను, రింగులు, రాడ్డు పై భాగం కలిపి 700 గ్రాములు అనుకుంటే, ఆ క్షణంలో రాడ్ జర్నల్‌ను లాగే బలం మూడు టన్నులకు పైమాటే. ఈ బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 7,000 నుంచి 8,000 ఆర్‌పిఎంకు వెళ్ళడమంటే వేగం ఏడో వంతు పెరగడమే, భారం మాత్రం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. ఇంజన్ కట్టేవాడు అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఇది ఎంత వేగం వరకు తిరుగుతుంది? హార్స్‌పవర్ లెక్క ఆ తర్వాత.

జర్నల్ ఎంత లావు ఉండాలి

స్మాల్ బ్లాకులో మెయిన్ జర్నల్ మూడు కొలతల్లో వచ్చింది. 1967 దాకా 2.30, ఆ తర్వాతి 327, 350 ఇంజన్లకు 2.45, 400కి 2.65 అంగుళాలు. రాడ్ జర్నల్ మొదట 2.00, తర్వాత 2.10. లావుపాటి జర్నల్ వంపుకు లొంగదు. సన్నపాటి జర్నల్ ఉపరితల వేగం తక్కువ కాబట్టి ఆయిల్ తక్కువ వేడెక్కుతుంది, రాపిడిలో పోయే పవర్ తగ్గుతుంది. 8,000 ఆర్‌పిఎం దగ్గర 2.65 అంగుళాల జర్నల్ ఉపరితలం సెకనుకు సుమారు 28 మీటర్ల వేగంతో కదిలితే, 2.30 అంగుళాలది 24.5 మీటర్ల వేగంతో కదులుతుంది. అందుకే 10,000 ఆర్‌పిఎం పైన తిరిగే ప్రో స్టాక్ తరగతి ఇంజన్లలో సన్న జర్నళ్ళు, పల్చటి ఆయిల్, బిగువైన క్లియరెన్సు కలిసి వాడతారు. ఆ తరగతికి 1982 నుంచి 500 ఘనపుటంగుళాల హద్దు ఉంది, 2016 నుంచి 10,500 ఆర్‌పిఎం హద్దు కూడా పెట్టారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క ప్రతి బిల్డరూ వేసుకోవాలి. క్రాంకును ఒక చివర నుంచి చూస్తే మెయిన్ జర్నల్ వృత్తమూ రాడ్ జర్నల్ వృత్తమూ ఒకదాని మీదికి ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. దీన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. రెండు వ్యాసాల సగటులోంచి స్ట్రోకులో సగం తీసేస్తే అది వస్తుంది. మామూలు 350లో 2.45, 2.10ల సగటు 2.275, అందులోంచి 1.74 తీస్తే 0.535 అంగుళాలు. అదే జర్నళ్ళతో స్ట్రోకు 3.75 చేస్తే 0.400కి పడిపోతుంది. 4 అంగుళాలు చేస్తే 0.275 మాత్రమే మిగులుతుంది. 3.48 స్ట్రోకుతో పోలిస్తే, వెబ్బు గుండా నేరుగా దాటే ఉక్కు మందంలో దాదాపు సగం మాయమైనట్టే. క్రాంకు విరిగేది కూడా చాలాసార్లు ఇక్కడే. స్ట్రోకు పెంచి, రాపిడి తగ్గుతుందని జర్నల్ సన్నం చేసి, మామూలు లోహంతో సరిపెట్టుకుందామనే ఆలోచన ఈ లెక్క ముందు నిలవదు.

లోహం

పోత ఇనుము క్రాంకును అచ్చులో పోసి చేస్తారు. సాధారణ రోడ్డు బండ్లలో ఉండేది ఎక్కువగా నాడ్యులర్ పోత ఇనుమే. టర్బో, నైట్రస్ లేకుండా 6,000 ఆర్‌పిఎం లోపు తిరిగే, ముందే ప్రకటించిన సమయాన్ని అందుకునేందుకు పోటీపడే బ్రాకెట్ తరగతి బండికి అది చాలు, దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. ఆ పైన ఫోర్జింగే కావాలి. ఎర్రగా కాల్చిన ఉక్కు దిమ్మను డైల మధ్య నొక్కినప్పుడు లోహపు రేణువులు క్రాంకు వంపు వెంట ఒదిగిపోతాయి. 1053 లాంటి కార్బన్ ఉక్కు ఫోర్జింగు చదరపు అంగుళానికి సుమారు 1,10,000 పౌండ్ల లాగుడు బలం తట్టుకుంటే, నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన 4340 ఉక్కు సుమారు 1,40,000 తట్టుకుంటుంది. నేటి డ్రాగ్ ఇంజన్లలో ఎక్కువ భాగానికి 4340 ఫోర్జింగే సరైన సమాధానం. బిల్లెట్ క్రాంకును గుండ్రటి ఉక్కు దిమ్మ నుంచి మొత్తం చెక్కి తీస్తారు. ఒక్క ఇంజన్‌కైనా కోరిన స్ట్రోకు, కోరిన జర్నల్, కోరిన కౌంటర్‌వెయిట్ ఆకారం దొరుకుతాయి. ధర చాలా రెట్లు ఎక్కువ. నైట్రోమీథేన్‌తో నడిచే టాప్ ఫ్యుయల్ తరగతి బండ్లలో ఉండేవి బిల్లెట్ క్రాంకులే.

ఫోర్జింగు విషయంలో మన దేశానికీ పెద్ద పేరుంది. పుణెలోని భారత్ ఫోర్జ్ ప్రపంచంలోని పెద్ద వాహన కంపెనీలకు క్రాంక్‌షాఫ్టు ఫోర్జింగులు అందిస్తోంది. జపాన్‌లో టయోటా తన 2జేజడ్ ఆరు సిలిండర్ల ఇంజన్‌కు కంపెనీ నుంచే ఏడు మెయిన్ బేరింగుల మీద కూర్చునే ఫోర్జింగు క్రాంకు వేసింది. ఆ ఇంజన్‌ను టర్బోతో ఎంతో పవర్ దాకా తీసుకెళ్ళిన రేసర్లు క్రాంకును మాత్రం మార్చకుండానే వాడుకోవడానికి అదో కారణం.

లోహం పేరు కంటే ఎక్కువగా చూడాల్సింది జర్నల్ వెబ్బును కలిసే మూల. అక్కడ పదునైన మూల ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. గుండ్రంగా తిప్పిన మూలను ఫిల్లెట్ అంటారు. రేసు క్రాంకుల్లో దాని వ్యాసార్ధం సాధారణంగా 0.125 అంగుళం దాకా ఉంటుంది. ఉపరితలానికి నైట్రైడింగ్ చేస్తే గట్టిపడి, అలసటను తట్టుకునే శక్తి పెరుగుతుంది. ఆ పొర చాలా పల్చన. అందువల్ల క్రాంకును మళ్ళీ గ్రైండ్ చేస్తే నైట్రైడింగ్ కూడా మళ్ళీ చేయించాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్రాంకులు 10, 20, 30 సైజులకు గ్రైండ్ చేసి అండర్‌సైజు షెల్లులు వేయడం రోజువారీ పని. డ్రాగ్ ఇంజన్‌లో కూడా మొదటి సైజు దాకా అభ్యంతరం లేదు. కాకపోతే గ్రైండింగు రాయి ఫిల్లెట్‌ను తినేయకుండా చూసుకోవాలి, ఆయిల్ రంధ్రాల అంచులను మళ్ళీ గుండ్రం చేయాలి, చివరి పాలిషింగు క్రాంకు తిరిగే దిశలోనే జరగాలి. కొత్త క్రాంకైనా పాతదైనా అయస్కాంత పొడితో పగుళ్ళు వెతికి, వి బ్లాకుల మీద పెట్టి డయల్ గేజితో వంకర చూడకుండా ఇంజన్‌లోకి ఎక్కించకూడదు. వంకర ఒక థౌకు మించితే దాన్ని పక్కన పెట్టడమే మేలు.

బరువుల పొందిక

90 డిగ్రీల వి8లో ప్రతి రాడ్ జర్నల్‌కు ఒక బాబ్‌వెయిట్ కట్టి బ్యాలెన్సు చేస్తారు. తిరిగే బరువు మొత్తమూ, పైకీ కిందికీ కదిలే బరువులో సగమూ అందులో ఉంటాయి. 400 ఇంజన్‌లో కౌంటర్‌వెయిట్లకు చోటు చాలక కంపెనీ కొంత బరువును ముందున్న డాంపర్‌లోనూ వెనకున్న ఫ్లైవీల్‌లోనూ పెట్టింది. డ్రాగ్ ఇంజన్‌కు ఆ పద్ధతి పనికిరాదు. క్రాంకు రెండు కొసల్లో బరువు లాగుతుంటే మధ్య భాగం వంగుతుంది. కౌంటర్‌వెయిట్‌లోకి టంగ్‌స్టన్ మిశ్రమపు దిమ్మలు దిగేసి లోపలే బ్యాలెన్సు చేయాలి. ఉక్కు కంటే రెట్టింపుకు పైగా సాంద్రత ఉన్న ఆ దిమ్మలను క్రాంకు అక్షానికి సమాంతరంగా గుచ్చుతారు. బయటికి తెరుచుకునేలా గుచ్చితే తిరిగే బలానికి ఊడిపోతాయి. మామూలు స్మాల్ బ్లాకు క్రాంకుకు ఆరు కౌంటర్‌వెయిట్లు. మధ్య మెయిన్ దగ్గర మరో రెండు ఉన్న ఎనిమిది బరువుల క్రాంకు అధిక వేగంలో మధ్య బేరింగుకు ఊరటనిస్తుంది.

వంపు కంటే కనిపించని శత్రువు మెలి కంపనం. ప్రతి పేలుడుకూ క్రాంకు ఒక మెలి తిరిగి మళ్ళీ సర్దుకుంటుంది. ఏదో ఒక వేగం దగ్గర ఈ మెలులు ఒకదానితో ఒకటి కలిసి పెరిగిపోతాయి. ఆ శక్తిని పీల్చుకునేది డాంపర్. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాల ప్రకారం పావు మైలును 10.99 సెకన్లలో గానీ అంతకంటే వేగంగా గానీ దాటే బండికి ఎస్‌ఎఫ్‌ఐ 18.1 అనే భద్రతా ప్రమాణం ఉన్న డాంపర్ తప్పనిసరి. కొత్త క్రాంకు కొని పాత రబ్బరు డాంపర్‌నే తగిలించడం చేతులారా చేసుకునే నష్టం.

షెల్లులో ఏముంది

1839లో అమెరికన్ ఐజాక్ బాబిట్ పేటెంటు పొందిన తగరపు మిశ్రమం నుంచే నేటి బేరింగుల కథ మొదలవుతుంది. చాలాకాలం ఆ మిశ్రమాన్ని కరిగించి నేరుగా రాడ్డులోనే పోసేవారు. షెవర్లే తన ఆరు సిలిండర్ల ఇంజన్లలో 1950ల మొదటి దాకా అలాగే చేసింది. నేటి రేసు షెల్లుకు ఉక్కు వీపు, దాని మీద రాగి–సీసం పొర, పల్చటి నికెల్ అడ్డుపొర, పైన సీసం, తగరం, రాగి కలిసిన మెత్తటి పూత ఉంటాయి. ఆ పూత మందం అర థౌ ప్రాంతంలోనే ఉంటుంది. మెత్తదనం దాని అసలు గుణం: ఆయిల్‌లో వచ్చిన చిన్న నలుసును తనలో దాచుకుంటుంది, క్రాంకు ఒక్క క్షణం తగిలినా గీత పడకుండా తనే అరిగి ఒదుగుతుంది. అల్యూమినియం, తగరం, సిలికాన్ కలిసిన రెండు పొరల షెల్లు ఎక్కువ కాలం మన్నుతుంది, పోత ఇనుము క్రాంకుకు బాగుంటుంది. డ్రాగ్ ఇంజన్‌కు మూడు పొరలదే నా ఎంపిక. ఇక్కడ లక్ష కిలోమీటర్ల మన్నిక అవసరం లేదు, తప్పు జరిగినప్పుడు క్రాంకును కాపాడే మెత్తదనం కావాలి.

షెల్లు లోపలి వైపు కచ్చితమైన వృత్తం కాదు. కిరీటం దగ్గర మందంగా, రెండు సగాలు కలిసే చోటికి వచ్చేసరికి పల్చగా ఉంటుంది. అధిక వేగంలో రాడ్డు పెద్ద రంధ్రం నిలువునా సాగి పక్కల్లో బిగుసుకుంటుంది. ఆ పల్చదనం లేకపోతే పక్కల్లో షెల్లు జర్నల్‌ను గోకేస్తుంది. క్లియరెన్సును కలిసే గీతకు లంబంగానే కొలవాలన్నది అందుకే. ప్రతి సగమూ అర్ధవృత్తం కంటే రవ్వంత పొడవుగా ఉంటుంది. బోల్టులు బిగించినప్పుడు రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుని రంధ్రంలో గట్టిగా అతుక్కుంటాయి. షెల్లు తిరక్కుండా ఆపేది ఈ నొక్కుడే. షెల్లు అంచున ఉండే చిన్న నాలుక కేవలం స్థానం చూపడానికి. అల్యూమినియం రాడ్లలో ఈ నొక్కుడు సడలుతుంది కాబట్టి షెల్లుకు డౌయల్ పిన్ను పెడతారు.

క్లెవైట్ లాంటి కంపెనీల షెల్లుల నంబర్ల చివర ఉండే అక్షరాలు కొనేవాడికి ఉపయోగపడతాయి. హెచ్ అంటే రేసు షెల్లు, పెద్ద ఫిల్లెట్‌కు తగలకుండా అంచులు చెక్కినది. ఎన్ అంటే సన్నగా చేసినది. ఎక్స్ అంటే మామూలు కంటే ఒక థౌ ఎక్కువ క్లియరెన్సు ఇచ్చేది. ఒక సగం మామూలుదీ, ఒక సగం ఎక్స్‌దీ కలిపి వేస్తే అర థౌ పెరుగుతుంది. బిల్డర్లు కోరిన కొలత తెచ్చుకునేది ఇలాగే. ఫిల్లెట్ పెద్దది, షెల్లు మామూలుది అయితే షెల్లు అంచు ఫిల్లెట్ మీద ఎక్కి కూర్చుంటుంది. ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపటికే బేరింగు పోతుంది.

క్లియరెన్సు, ఆయిల్

పాత సూత్రం ఒకటుంది: జర్నల్ వ్యాసం ప్రతి అంగుళానికీ ఒక థౌ క్లియరెన్సు, రేసు ఇంజన్‌కు మరో అర థౌ. 2.45 అంగుళాల మెయిన్ జర్నల్‌కు రెండున్నర నుంచి మూడు థౌలు, అంటే దాదాపు ఒక తలవెంట్రుక మందం. ఈ సూత్రం మంచి మొదలే గానీ ఆఖరి మాట కాదు. బ్లాకు అల్యూమినియందైతే వేడికి మెయిన్ రంధ్రం పెరుగుతుంది, కాబట్టి చల్లగా ఉన్నప్పుడు బిగువుగా పెట్టి, స్టార్ట్ చేసే ముందు ఆయిల్ వేడి చేయాలి. క్రాంకు ఎంత వంగుతుందో అంత చోటు ఉండాలి. చోటు పెరిగితే ఆయిల్ చిక్కబడాలి, లేదంటే పొర నిలవదు. టాప్ ఫ్యుయల్ ఇంజన్‌లో 70 గ్రేడు ఆయిల్ వాడటానికి భారం ఒక కారణం, రింగుల పక్కనుంచి దిగిన నైట్రోమీథేన్ ఆయిల్‌ను పల్చన చేయడం మరో కారణం.

కొలవడానికి మైక్రోమీటరు, డయల్ బోర్ గేజి కావాలి. ప్లాస్టిక్ దారం నలిపి చూసే పద్ధతి సరిచూసుకోవడానికి పనికొస్తుంది, నిర్ణయించడానికి కాదు. మెయిన్ క్యాపులను పూర్తి బిగువుతో బిగించి, షెల్లులతోనూ లేకుండానూ రెండుసార్లు కొలవాలి. మెయిన్ రంధ్రాలు ఒకే గీతలో లేకపోతే లైన్ హోనింగు చేయించాలి. ఈ పనికి పెట్టిన డబ్బు, బిల్లెట్ క్రాంకుకు పెట్టిన డబ్బు కంటే ఎక్కువ ఫలితమిస్తుందని నా గట్టి నమ్మకం.

ఆయిల్ ఒత్తిడికి ప్రతి 1,000 ఆర్‌పిఎంకు చదరపు అంగుళానికి 10 పౌండ్లు అనేది వాడుక లెక్క. మెయిన్ షెల్లులో గాడి పై సగంలోనే ఉండాలి. కింది సగం మంట ఒత్తిడి మోసేది, అక్కడ గాడి పెడితే ఆయిల్ పొర రెండు సన్న ముక్కలవుతుంది, మోసే బలం పడిపోతుంది. క్రాంకు లోపలి ఆయిల్ దారి కూడా ముఖ్యమే. మెయిన్ జర్నల్‌ను అడ్డంగా మొత్తం తొలిచిన క్రాంకులో ఆయిల్ ముందు మధ్యలోకి, తిరుగుడు బలానికి ఎదురుగా, పోవాలి. అధిక వేగంలో అది కష్టమై రాడ్డు బేరింగు ఎండిపోతుంది. జర్నల్ ఉపరితలం నుంచి నేరుగా రాడ్ జర్నల్‌కు పోయే రంధ్రమే మేలు.

క్రాంకు ముందుకూ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగును చాలామంది మర్చిపోతారు. స్మాల్ బ్లాకులో అది వెనక, ఐదో మెయిన్ దగ్గర ఉంటుంది. ఆటోమేటిక్ గేరుబాక్సు బండి స్టార్టింగు లైను దగ్గర పూర్తి బలంతో నిలిచినప్పుడు టార్క్ కన్వర్టర్ ఒత్తిడికి ఉబ్బి క్రాంకును ముందుకు నెడుతుంది. క్రాంకు అక్షం వెంట కదిలే ఆటను 4 నుంచి 8 థౌల మధ్య ఉంచి, ఐదో క్యాపు బిగించే ముందు క్రాంకును ముందుకూ వెనక్కీ కదిపి రెండు సగాల ముఖాలను ఒకే సమతలానికి తేవాలి.

షెల్లును చదవడం

పరుగు తర్వాత ఆయిల్ ప్యాన్ విప్పి షెల్లులు తీసి చూస్తే, ఇంజన్ పరిస్థితి సగం అక్కడే తెలిసిపోతుంది. మంట ఒత్తిడి రాడ్డు పై షెల్లు మీదా, మెయిన్ కింది షెల్లు మీదా పడుతుంది. అక్కడ పూత నలిగి పక్కలకు జరిగి ఉంటే పేలుడు ముందుగా జరిగిందనీ, టైమింగో ఇంధనమో సరిదిద్దాలనీ అర్థం. అరుగుదల రాడ్డు క్యాపు వైపు షెల్లులో ఉంటే ఇంజన్‌ను మితిమీరి తిప్పారు. మెయిన్ల వరసలో మధ్య బేరింగు ఒక్కటే ఎక్కువ మెరుస్తుంటే క్రాంకు వంగుతోంది, లేదా బ్యాలెన్సు బయటి కొసల్లో ఉంది. కలిసే గీత దగ్గర రెండు వైపులా గోకుడు ఉంటే రాడ్డు బిగుసుకుంటోంది, కలిసే చోట ఇంకా పల్చగా ఉండే షెల్లు కావాలి. ఒక అంచున మాత్రమే మెరుపు ఉంటే ఫిల్లెట్ తగులుతోంది, లేదా రాడ్డు వంకర.

టాప్ ఫ్యుయల్ సిబ్బంది ఈ పనిని పోటీ మధ్యలోనే చేస్తారు. ఆ ఇంజన్ సుమారు 496 ఘనపుటంగుళాలు, బోరు 4.1875, స్ట్రోకు 4.5 అంగుళాలు, పవర్ 11,000 హార్స్‌పవర్ దాటుతుంది. 2008లో రేసర్ స్కాట్ కలిట్టా ప్రమాదంలో మరణించాక ఆ బండ్ల పరుగును 1,000 అడుగులకు, అంటే 305 మీటర్లకు తగ్గించారు. ప్రతి రౌండు తర్వాత ఇంజన్ విప్పి, రాడ్డు షెల్లులను సిలిండరు వరసలో బల్ల మీద పరుస్తారు. ఏ సిలిండరు షెల్లు ఎంత నలిగిందో చూసి తర్వాతి రౌండుకు ఆ సిలిండరు ఇంధనాన్ని సరిచేస్తారు. అల్యూమినియం రాడ్డు మంట ఒత్తిడి దెబ్బలో కొంత తానే మింగి షెల్లును కాపాడుతుంది. దాని ఆయుష్షు మాత్రం కొద్ది పరుగులే.

బ్రాకెట్ తరగతిలో వారాంతాలు పోటీపడే 383 యజమానికి ఇంత అవసరం లేదు. అయినా సీజన్ మధ్యలో ఒకసారీ, ఆయిల్ ఫిల్టరు కోసి చూస్తే మడతల్లో రాగిరంగు మెరుపు కనిపించిన ప్రతిసారీ, ప్యాన్ విప్పి కనీసం ఒక మెయిన్ క్యాపు, రెండు రాడ్డు క్యాపులు తీసి చూడాలి. రాగిరంగు అంటే పై పూత పోయి కింది పొర బయటపడిందన్నమాట. ఆ దశలో కొత్త షెల్లుల సెట్టుతో పని సరిపోతుంది. ఇంకో రెండు పరుగులు చూద్దామనుకుంటే షెల్లు తిరిగిపోతుంది. అప్పుడు జర్నల్ కాలి క్రాంకు గ్రైండింగుకు వెళ్తుంది, రాడ్డు మారుతుంది, బ్లాకులోని మెయిన్ రంధ్రాలు కూడా పాడైతే మొత్తం కొలతలు మళ్ళీ మొదటి నుంచి తీయాలి.